ఆకులు తినేవాళ్ళ మిస్

మిస్ పోయిందని ఉంజింటో గుడి చైర్మన్ ఫోను చేసేసరికి నేను డర్బన్‌లో పళ్ళ డాక్టరు కుర్చీలో, నోటి నిండా దూదితో ఉన్నాను. "మిస్ పోయినాది అమ్మా, పొద్దున్నే. స్లీప్‌లోనే" అన్నాడాయన. ఊఁ అనడం తప్ప నేనేమీ అనలేకపోయాను. నా నోరు మూయించాలని ఆవిడ ఏళ్ళ తరబడి ప్రయత్నించింది. ఆ రోజుకు నెగ్గింది.

ఆవిడకు ఒక పేరుండేది. ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. ఇండియన్ స్కూల్లో బయాలజీ చెప్పీ చెప్పీ రిటైరైంది. మంగలి షాపతను, మందుల షాపతను, పోలీస్ స్టేషన్లో సార్జెంటు, గుడి చైర్మన్, అందరూ ఆవిడ చేత చెవులు మెలివేయించుకున్నవాళ్ళే. అందరికీ ఆవిడ మిస్. నేనూ అలాగే పిలిచాను, ఇప్పుడూ అలాగే రాస్తాను.

పొట్టి మనిషి. మగవాళ్ళ టోపీ, మోకాళ్ళ దగ్గర వెలిసిపోయిన ప్యాంటు. స్టీరింగు మీంచి రోడ్డు కనబడడానికి తన బక్కీ సీట్లో దిండు వేసుకునేది. ఈ దేశంలో చిన్న ట్రక్కుని బక్కీ అంటారు. మాట్లాడేదంతా ఇంగ్లీషే, ఆ మాటలు నేనిక్కడ ఆ ఊరి తెలుగులో రాస్తున్నాను. వాళ్ళ తాతలు విశాఖ వైపు నుంచి చెరకు కొట్టడానికి ఓడెక్కి వచ్చినవాళ్ళు. వాళ్ళ తెలుగులో ఆవిడకు మిగిలినవి తిట్లు, వంటల పేర్లు, దణ్ణాలు. ఆవిడ దేవుడికి దణ్ణం పెట్టేది కాదు, వంట సరిగ్గా వచ్చేది కాదు. కాబట్టి తిట్లే మిగిలాయనాలి. ఆ తిట్లు మాత్రం అచ్చంగా మా అమ్మమ్మ నోట్లోంచి ఊడిపడ్డట్టుండేవి. "నీ జిమ్మడ, ఆ చెయ్యి తియ్యి" అని ఆవిడ మొదటిసారి నన్ను కసిరినప్పుడు కోపం రాకపోగా, దేశం కాని దేశంలో నాకు కళ్ళు చెమర్చాయి.

తెల్లవాళ్ళ పాలన పోయిన ఎన్నికలైన రెండో ఏడు మేము ఉంజింటో వచ్చాం. మా ఆయనకూ నాకూ చక్కెర మిల్లులో ఉద్యోగాలు. ఆయన బాయిలర్ల దగ్గర, నేను లాబ్‌లో, చెరకు రసంలో తీపి కొలుస్తూ. స్వేచ్ఛ వచ్చిందని అందరూ సంతోషంగానే చెప్పేవారు, చెబుతూనే కిటికీలకు ఇనప ఊచలు పెట్టించుకునేవారు. లోపలి ఊళ్ళలో పార్టీల కొట్లాటలు ఇంకా సద్దుమణగలేదు. చీకటి పడ్డాక దారిలో కారు ఆపకూడదని మాకు మొదటి రోజే చెప్పారు. ఏ బక్కీ సీటు కింద తుపాకీ ఉందో, ఏ బక్కీలో లేదో తెలిసేది కాదు. నేను ఆ రోజుల్లో టపాకాయ పేలినా కిటికీ దగ్గర నుంచి పక్కకు జరిగేదాన్ని.

ఊరి బయట చెరకు తోటల చివర, నేల లోయలోకి దిగి అడవి మొదలయ్యే చోట, రేకుల కప్పుతో చిన్న ఆంజనేయస్వామి గుడి ఉంది. ఒక శనివారం వెళ్ళాను. పెరట్లో వరసగా పళ్ళేలు, వాటి నిండా అరటిపళ్ళు, బ్రెడ్డు, బూందీ లడ్లు. వాటి చుట్టూ కోతులు. మన ఊరి కోతులు కావు. నల్లటి చేతులూ కాళ్ళూ, బూడిదరంగు వీపు, గొంతు కింద తెలుపు, నుదుటి మీద నిక్కపొడుచుకున్న వెంట్రుకలు. తింటూ తింటూ తలెత్తి గంభీరంగా చూస్తున్నాయి. "ఎంత భక్తి! మా ఊళ్ళో కూడా ఇంత చూడలేదు" అన్నాను పైకే.

"భక్తి కాదు, పాయిజన్" అంది నా వెనక ఒక గొంతు.

వెనక్కి తిరిగితే టోపీ కింద రెండు కళ్ళు నన్ను నిలువునా కొలుస్తున్నాయి. "ఏ కోతి ఇది? చెప్పు."

"కోతి అంటే కోతే కదండీ" అన్నాను.

"చదువుకున్నావా?"

"ఎమ్మెస్సీ."

"దేంట్లో, నిద్రలోనా?" అని తనే పాఠం మొదలుపెట్టింది. రోడ్ల మీద తిరిగి, కిటికీలోంచి బ్రెడ్డు ఎత్తుకుపోయేది జూలూలో ఇంకావు అనే కోతి. దానికి ఊరూ అడవీ ఒకటే, ఏం పెట్టినా బతుకుతుంది. ఇది ఇన్సిమాంగో. చెట్ల కొమ్మల్లోనే పుట్టి, కొమ్మల్లోనే చస్తుంది. పండు దొరికితే పండు, దొరకని చలికాలమంతా ఆకు. నేల మీద దీనికి పనే లేదు. "ఇప్పుడు చూడు, పెళ్ళి భోజనానికొచ్చినట్టు కూర్చున్నాయి" అంది. ఆ మాట అంటున్నప్పుడు గొంతులో వెటకారం లేదు, భయం ఉంది. అది నాకు అప్పుడు అర్థం కాలేదు.

నన్ను ఎందుకు దగ్గరకు తీసిందో ఆవిడ చెప్పలేదు. తిట్టినా లేచిపోని మనిషి చాలాకాలానికి దొరికిందని కాబోలు. ఆదివారం పొద్దున్న గేటు బయట హారన్ మోగేది. నేను చెప్పులు వేసుకునేలోగా మళ్ళీ మోగేది. లోయలోకి దిగుతుంటే ఆవిడ రూల్సు: మాట్లాడకూడదు, వేలెత్తి చూపకూడదు, వాటి కళ్ళలోకి చూడకూడదు. తెల్ల బట్టలు కట్టుకోకూడదు. అక్కడికి చేరాక వీపు వాటి వైపు పెట్టి కూర్చుని, ఒక ఆకు తుంపి నోట్లో పెట్టుకుని నములుతున్నట్టు నటించాలి.

"ఎందుకు మిస్?"

"ఆకు తినేవాళ్ళు ఎవరినీ చంపరు. వాటికి అది తెలుసు. నోర్ముయ్యి."

పదేళ్ళపాటు అలా కూర్చుందట ఆవిడ. మొదట్లో ఆవిడ అలికిడికే లోయంతా ఖాళీ అయ్యేదట. తర్వాత దూరంగా ఆగి చూసేవి. ఆ తర్వాత చూడడం కూడా మానేశాయి. అదే ఆవిడ గొప్ప. "నన్ను చూడవు" అనేది, ఇంకొకరు తమకు జరిగిన సన్మానం గురించి చెప్పుకున్నట్టు. నాకు ఆకు తినడం ఒక వింతా అనిపించేది. ఒక మధ్యాహ్నం, తిని కడుపు ఉబ్బి, కొమ్మ మీద కూలబడ్డ కోతిని చూసి, "బద్ధకం మొహంది" అని గొణిగాను. "బద్ధకం కాదే. వంట చేసుకుంటున్నాది. పొట్టలోనే పొయ్యి" అంది. ఆకులో సత్తువ తక్కువని, అది అరగాలంటే చాలాసేపు లోపల నానాలని, అందుకే వాటి బతుకంతా తినడం, కూర్చోవడం, మళ్ళీ తినడమేనని గుసగుసగా చెప్పింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో భోజనం అయ్యాక సోఫాలో వాలిన మా ఆయనను నేను మందలించడం మానేశాను.

వాటికి పేర్లు పెట్టనిచ్చేది కాదు. "పేరు పెడితే మనదైపోద్ది" అనేది. నేను మనసులో పెట్టుకున్న పేరు ఒకటుంది, చెప్పను. చెవి చీరుకుపోయిన ఆడ కోతి అది. పొట్టకు పిల్లను హత్తుకుని, ఒక్కోసారి మిస్ కూర్చున్న దుంగకు అవతలి చివర వచ్చి కూర్చునేది. అప్పుడు మిస్ ఊపిరి కూడా ఆచితూచి తీసేది. ఆ వీపు అలా బిగుసుకుపోవడం చూస్తే ఆవిడ ఎంత సంతోషంగా ఉందో నాకు తెలిసేది.

చలికాలం మొదట్లో, ఒక పొద్దున్న ఆవిడ ఇంటి వరండాలో టీ తాగుతున్నాం. ఎస్టేటు దొర వచ్చాడు. గుడి పెరటి పక్క కంచెకు అవతలి చెరకూ, పైన్ తోటలూ ఆయనవి. టోపీ తీసి పట్టుకుని, మెట్టు కిందే నిలబడ్డాడు. అరిచే మనిషైతే నేను అంత భయపడేదాన్ని కాదు. చాలా మర్యాదగా మాట్లాడాడు.

"మిస్, మీ కోతులు గుడి పెరట్లో తిని, అటు నుంచి అటే నా తోటలోకి వస్తున్నాయి. పైన్ బెరడు వలిచేస్తున్నాయి. బెరడు పోతే చెట్టు ఎండిపోతుంది. మీకు తెలుసు."

"తెలుసు" అంది మిస్.

"కాల్చడానికి నాకు పర్మిట్ ఉంది. అడవిలో ఉన్నంతసేపు నేను వాటి జోలికి రాను. కంచె దాటితే మాత్రం ఊరుకోను. మీకు చెప్పకుండా చెయ్యడం ఇష్టం లేక వచ్చాను."

ఆ భూమి మాదని పక్క జూలూ ఊరివాళ్ళు అప్పుడే దావా వేశారని, అది ఎటుపోతుందో తెలియక ఆయన నిద్రపోవడం లేదని ఊరంతా చెప్పుకునేవారు. తన చేతిలో ఇంకా మిగిలింది ఆ కంచె ఒక్కటేనన్నట్టు మాట్లాడాడు. మిస్ ఆయనతో వాదించలేదు. ఆయన వెళ్ళాక మిగిలిన టీ మెట్టు పక్కన పారబోసింది.

"నేనే నేర్పాను" అంది.

"ఏం నేర్పారు?"

"మనిషంటే భయపడక్కర్లేదని. పదేళ్ళు కూర్చుని నేర్పాను. లేకపోతే గుడి పెరట్లోకి ఎందుకు దిగుతాయి?"

ముందు ఆ పళ్ళేలు ఆగాలి. పళ్ళేలు పెట్టేది చైర్మన్. ఊళ్ళో ఇనప సామాన్ల షాపు ఆయనది, మెతక మనిషి. ఆదివారం భజన అయ్యాక గుడి పక్క షెడ్డులో కూర్చున్నాం. మిస్ సంగతి చెప్పింది. ఆయన తల వంచుకుని విన్నాడు.

"మిస్, యూ ఆర్ మై టీచర్. మీ మాట కాదంటానా? బట్ మొక్కు ఈజ్ మొక్కు. ఎలక్షన్ ముందు నా షాపుకి ఈ పక్కా కాల్చినారు, ఆ పక్కా కాల్చినారు. మధ్యలో నాది ఒగ్గేసినారు. ఎవురు ఒగ్గేయించినారు? స్వామే గదా. ఆ రేత్రి లోపల నేను, మా ఇంటామె, పిల్లలు. ఆయన సైన్యానికి బతికినంత కాలం పెడతానని మొక్కినాను. ఇప్పుడు మానేస్తే?"

మూఢనమ్మకం అని తేలిగ్గా అనేయడానికి నాకు నోరు రాలేదు. ఆ రాత్రి ఆ షాపులో ఉన్నది నేను కాదు కదా.

మిస్ ఉన్నట్టుండి నా వైపు తిరిగింది. "ఈమెని అడుగు. డైరెక్ట్ అక్కడి నుంచి వచ్చినాది. ఏయ్ పిల్లా, మీ ఊళ్ళో ఆంజనేయుడికి ఏటి పెడతారు?"

"వడమాల వేస్తారండీ, అప్పాలు, అరటిపళ్ళు..." అంటుండగానే బల్ల కింద నా కాలి మీద మిస్ బూటు పడింది. నీళ్ళు నమిలాను. "ఆకుపూజ చేస్తారు" అన్నాను ఆఖరికి.

"ఆకా? ఏ ఆకు?" అన్నాడు చైర్మన్.

"తమలపాకు. పెద్ద కష్టం గట్టెక్కితే మా వైపు ఆకుపూజే చేయిస్తారు. స్వామికి ఒంటి నిండా ఆకులు. చల్లదనమని."

ఇది నేను కల్పించింది కాదు, మా గోదావరి జిల్లాలో ఏ మంగళవారం చూసినా జరిగేదే. వడల సంగతి నేను మింగేశాను, అంతే. చైర్మన్ మాత్రం మొహం ఎత్తి నా వైపే చూస్తూ ఉండిపోయాడు.

"మా అవ్వ" అన్నాడు మెల్లగా. "చెరకు కూలీల బ్యారక్స్ ఎనక ఒక రాయి ఉండేది. నేను చిన్నోణ్ణి. అవ్వ ఆకు తడిపి, రాయికి అంటించేది. ఎందుకని అడిగితే చెప్పేది కాదు. మాకు ఎవురూ చెప్పలేదు."

"ఇప్పుడు చెప్పినాది గదా" అంది మిస్.

"మరి కోతులకి?"

"ఒరే, నీ దేవుడికీ ఆకే, వాటికీ ఆకే. వాటి ఆకు చెట్టు నిండా ఉంది. నువ్వు పెట్టక్కర్లేదు."

తమలపాకులు డర్బన్ గ్రే స్ట్రీట్‌లో దొరుకుతాయని ఎవరో అన్నారు. టాక్సీలో వెళ్ళి, తడిగుడ్డలో చుట్టించుకుని నేనే తెచ్చాను. ఆ శనివారం ఆ రేకుల గుడిలో స్వామి పాదాల నుంచి మెడ దాకా పచ్చగా ఉన్నాడు. చైర్మన్ చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. బయట పెరట్లో పళ్ళేలు లేవు. గండం గడిచిందనుకుని నేను మిస్ కోసం చూశాను. ఆవిడ లోపలికి రాలేదు. పెరట్లో నిలబడి అడవి వైపే చూస్తోంది.

కోతులు వచ్చాయి. పళ్ళేలు ఆపేశామని వాటికెవరు చెప్పారు? కాసేపు పెరడంతా వెతికాయి. ఏమీ దొరక్క, ముందుకు, కంచె వైపు కదిలాయి. కంచె అవతల దొర బక్కీ ఆగి ఉంది. కిటికీ అద్దం దించి ఉంది. అందులోంచి తుపాకీ గొట్టం కనబడుతోంది.

మిస్ వంటపాకలోకి పరిగెత్తి, ప్రసాదం వండే ఇత్తడి డేక్సా, గరిటె పట్టుకొచ్చింది. గరిటెతో డేక్సా మీద బాదుతూ వాటికీ కంచెకీ మధ్యకు వెళ్ళింది. "ఫుట్‌సెక్! హంబా! నీ మొకం మండ, పోండి! దొంగముండల్లారా, పోండి లోపలికి!" తెలుగు, జూలూ, ఇంగ్లీషు, నోటికి ఏదొస్తే అది. కోతులు ఉలిక్కిపడి చెట్లెక్కాయి. పదేళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చున్న మనిషి అంత గొంతుతో అరుస్తుంటే నాకు పారిపోవాలనిపించింది.

చెవి చీరిన ఆడది మాత్రం వెళ్ళలేదు. ఆ అరుపులకు వెనక్కి నాలుగడుగులు వేసింది, ఆగింది. మిస్‌ను గుర్తుపట్టింది. అదే నేను ఇప్పటికీ మరిచిపోలేనిది. గుర్తుపట్టి, నేల మీద, ఆవిడ ఎదురుగానే కూర్చుంది. పిల్ల పొట్టకు అంటుకుని ఉంది. కాసేపు కూర్చుని, తాపీగా లేచి, ఆవిడ పక్కనుంచే కంచె వైపు నడవడం మొదలుపెట్టింది.

డేక్సా మోత దానికి పట్టలేదు. తిట్లు పట్టలేదు. కంచె దగ్గరకు వచ్చేస్తోంది. బక్కీ కిటికీలో గొట్టం కొంచెం పక్కకు జరిగింది. "మిస్!" అని అరిచాను.

ఆవిడ డేక్సా పారేసి వంగింది. రాయి తీసింది. ఊరికే బెదిరించడానికి కాదు, గురిచూసి, బలమంతా పెట్టి కొట్టింది. భుజం మీద తగిలింది. అది వేసిన కేక మనిషి కేకలాగే ఉంది. ఒక్కసారి మిస్ మొహంలోకి, సూటిగా చూసింది. అప్పుడు దూకింది, పెరడు దాటి, చెట్టెక్కి, ఆకుల్లో కలిసిపోయింది. మిస్ ఇంకో రాయి తీసి ఆ వెనకే విసిరింది. తర్వాత ఇంకోటి. కొమ్మలు కదలడం ఆగిపోయాక కూడా విసిరింది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

దొర తుపాకీ లోపలికి లాక్కున్నాడు. బక్కీ స్టార్టు చేసి, వెళ్ళేముందు టోపీ అంచు తాకాడు. మిస్ అటు చూడనే లేదు. గుడి మెట్ల మీద కూలబడి, "పిల్లకి తగిలిందా?" అని అడిగింది.

"లేదు మిస్. భుజానికే."

"చూసినావా? నిజంగా చూసినావా?"

"చూశాను. పిల్లకు తగల్లేదు."

"ఊఁ" అని తన కుడి చేతిని ఎడం చేతితో పట్టుకుని కూర్చుంది. నాకు ఆవిడను కావలించుకోవాలనిపించింది. ఆవిడ అలాంటివి పడనిచ్చే మనిషి కాదు. పక్కన కూర్చున్నాను.

ఆ చలికాలమంతా శనివారాలు అలాగే నడిచాయి. లోపల ఆకుపూజ, బయట మిస్ డేక్సా. కొన్నాళ్ళకు కోతులు పెరడు దాకా రావడం మానేశాయి. మరి కొన్నాళ్ళకు అడవి అంచులో కూడా కనబడలేదు. దొర బక్కీ రావడం మానేసింది. గెలిచామని నేను ఊరంతా చెప్పుకు తిరిగాను. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఆదివారం హారన్ కూడా మోగలేదు.

మేము డర్బన్‌కు మారిపోయే ముందు, నేనే ఆవిడ గేటు దగ్గరకు వెళ్ళి హారన్ కొట్టాను. "ఎందుకు? పని లేదా?" అని సణుగుతూనే టోపీ పెట్టుకుంది. లోయలోకి దిగాం. నేను ఒక్క మాట మాట్లాడలేదు. దుంగ మీద, వీపు చెట్ల వైపు పెట్టి కూర్చున్నాం. తలా ఒక ఆకు తుంపుకున్నాం. పైన ఎక్కడో ఆకులు చిదుముతున్న చప్పుడు, తొడిమలు కింద పడుతున్న చప్పుడు. అవి అక్కడే ఉన్నాయి.

గాలి మళ్ళిందో, ఆవిడ టోపీయే కనబడిందో. చప్పుళ్ళన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. మందలోని మగ కోతి ఒక కేక వేసింది, గట్టిగా, తెగ్గొట్టినట్టు. మళ్ళీ వేసింది. కొమ్మలన్నీ ఒక్క ఊపుతో కదిలి, లోయ లోపలికి, దూరంగా జరిగిపోయాయి. నేను ఆ కేక అంతకుముందు వినలేదు.

"ఏమిటది మిస్?" అన్నాను, రూలు మరిచిపోయి.

"కింద చిరుత తిరుగుతున్నాదని వాళ్ళోళ్ళకి చెప్తున్నాది" అంది.

నేను బెదిరి చుట్టూ చూశాను. ఆవిడ నవ్వింది.

"చిరుత లేదే. నేనే" అంది. కళ్ళ నిండా నీళ్ళు. తుడుచుకోలేదు. నోట్లో ఆకు తీసి పారేసి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది.

"రా, ఎలిపోదాం. మనం ఉన్నంతసేపు అవి తినవు."